బోణీ చెయ్యి

రామ్మోహనరావు లెక్కలో దుకాణానికి రోజుకి ఒక్కటే బేరం. పొద్దున జరిగే ఆ మొదటి బేరం కుదురుగా సాగితే మిగతావన్నీ దాని వెనకే నడిచి వస్తాయి. అది చెడితే సాయంత్రం దాకా ఈగలు తోలుకోవడమే. ఉప్పల్ చౌరస్తా నుంచి బోడుప్పల్ వైపు వెళ్ళే రోడ్డు మీద, సగం కట్టి ఆగిన ఫ్లైఓవరు స్తంభాల ఎదురుగా ఉంటుంది అతని స్టీలు సామాన్ల దుకాణం. రోడ్డు దుమ్మంతా గిన్నెల మీదే పడుతుంది. రోజూ తుడవాలి. తుడిచేది తిరుపతి. బోణీ చేసేదీ తిరుపతే.

ఈ రెండో పని అతనికి ఎవరూ పనిగట్టుకుని అప్పగించలేదు. ఎప్పుడో ఒక పొద్దున రామ్మోహనరావు ఆలస్యంగా వచ్చేసరికి తిరుపతి ఒక చెంచాల కట్ట అమ్మి కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమే ఎవరో కొత్తగా హాస్టలు పెడుతున్నవాళ్ళు వచ్చి వంటసామానంతా ఎత్తుకెళ్ళారు. అప్పటినుంచి తొలి నోటు తిరుపతి అందుకుని, త్రాసుకి తాకించి, కళ్ళకద్దుకుని గల్లాలో వేయాల్సిందే. ఇప్పుడందరూ ఫోన్లోంచే డబ్బు పంపుతున్నారు కనక, డబ్బు అందిందని గల్లా పక్కనున్న చిన్న పెట్టె పలికేటప్పుడు తిరుపతి త్రాసు మీద కుడిచెయ్యి ఆనించి నిలబడతాడు. అతని హస్తవాసి అలాంటిదని రామ్మోహనరావు పక్క దుకాణాల వాళ్ళకి కూడా చెప్పుకుంటాడు.

ఆ శుక్రవారం తిరుపతి షటరు లేపి, వాకిట్లో నీళ్ళు చల్లి, అగరొత్తులు వెలిగించాడు. తుడిచే గుడ్డ చేతిలోకి తీసుకుని, మొహం గిన్నెల వైపే ఉంచి అడిగాడు. బీపీ గోలీలు, షుగరు గోలీలు అయిపోయి చాలా రోజులైందట. నాచారంలో తన ఇంటి దగ్గరి సర్కారు దవాఖానాలో ఆ రెండింటికీ చూసేది మంగళ, శుక్రవారాలు పొద్దున మాత్రమే. తలుపు తెరిచిన కాసేపటికే చీటీలు అయిపోతాయి. మనిషి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపితేనే మందు. ఇవాళ పోయొస్తానన్నాడు.

కొత్తగా అడిగిందేం కాదు. ఎండాకాలంలో అడిగితే పెళ్ళిళ్ళన్నాడు రామ్మోహనరావు. ఆషాఢంలో ఎలాగూ బేరాలుండవు, అప్పుడు వెళ్ళొచ్చని ఇద్దరూ అనుకున్నారు. తీరా ఆషాఢం వచ్చాక, బేరాల్లేని నెలలో బోణీ మరీ ముఖ్యమని తేలింది. ఇప్పుడు శ్రావణం. మంగళవారం నోములు, శుక్రవారం వ్రతాలు, వాయనాల పళ్ళేలు, గృహప్రవేశాల బిందెలు. దవాఖానావాళ్ళు ఏరి ఏరి ఆ రెండు రోజులే పెట్టుకున్నారని అతని చిరాకు.

"వద్దనట్లేదు తిరుపతీ. బోణీ చేసేసి వెళ్ళు."

"బోణీ అయినంక పోతే చీటీలుండయి సేటు."

"శుక్రవారం కదా, తొందరగానే అయిపోతుందిలే."

తొందరగా కాలేదు. రామంతాపూర్ నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు కొత్తింటికి వచ్చేవాళ్ళ చేతిలో పెట్టడానికి పళ్ళేలు అడిగారు. లోతువి చూపిస్తే పల్చటివి కావాలన్నారు. పల్చటివి తీస్తే వేలితో కొట్టి చూసి, మోత బాగాలేదన్నారు. తిరుపతి కొక్కెం కర్రతో పై అరల్లోంచి కట్టలు దించాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు. చివరికి మొదట చూసినవే ఖాయమయ్యాయి. ప్రతి పళ్ళేనికీ వెనకవైపు పేరు కొట్టాలి. సూర్యకళ, తల్లి పేరు.

తిరుపతి కింద పీట మీద కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, పేర్లు కొట్టే మిషను అందుకున్నాడు. లావుపాటి పెన్నులా ఉంటుంది. సూది జిర్రుమంటూ స్టీలు మీద పాకుతుంటే వెనకే అక్షరాలు తెల్లగా లేస్తాయి. కాసేపటికోసారి ఆపి, చెయ్యి విదిలించి, అరచేతిని ప్యాంటుకి రుద్దుకుంటున్నాడు. మిషను అదురుకి చేతికి తిమ్మిరెక్కడం మామూలేనని అతనూ అనుకుంటాడు, రామ్మోహనరావూ అనుకుంటాడు. మిషను ఆపితే తిమ్మిరి కూడా ఆగేది. ఈమధ్య మిషను పట్టుకోకముందే ఉంటోంది. ఆ మాట తిరుపతి చెప్పినప్పుడు రామ్మోహనరావు వినకుండా ఏం లేడు. మిషను పాతబడిందని కొత్తదానికి చెప్పి పెట్టాడు.

ఒక పళ్ళెం మీద సూది జారింది. 'ళ' దగ్గర మొదలైన గీత అంచుదాకా పోయింది.

"గీత పెట్టడానికి నా పేరే దొరికిందా నాయనా," అంది సూర్యకళ. కూతురు నవ్వింది. రామ్మోహనరావు కూడా నవ్వి, వేరే పళ్ళెం తీసిచ్చి, గీత పడినదాన్ని కౌంటరు కిందికి తోసేశాడు. పెట్టె పలికింది. తిరుపతి త్రాసు మీద చెయ్యి ఆనించాడు. బోణీ అయింది.

"ఇంక వెళ్ళు," అన్నాడు రామ్మోహనరావు.

తిరుపతి వెళ్ళాడు. భోజనాల వేళకి తిరిగొచ్చాడు. చేతిలో ఖాళీ సంచీ మడత కూడా విప్పకుండా ఉంది. ఏమైందని అడిగితే, "పొయ్యేసరికి ఊడుస్తున్నరు సేటు," అన్నాడు. అతని గొంతులో కోపంగానీ బాధగానీ లేవు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పి, అన్నం డబ్బా తీసుకుని దుకాణం వెనక్కి పోయాడు.

*

రామ్మోహనరావు భార్య కనకమహాలక్ష్మి మధ్యాహ్నం క్యారియరు తెస్తుంది. భర్తకి వడ్డిస్తూ వెనక గదిలోకి చూసింది. తిరుపతి గిన్నెల అట్టపెట్టె మీద కూర్చుని తింటున్నాడు. ముద్ద నోటిదాకా వెళ్ళేలోపు సగం డబ్బాలోనే రాలుతోంది. అతను రాలినదాన్ని మళ్ళీ కూడదీసుకుని ఎత్తుతున్నాడు.

"ఏవిటా తినడం? ఒంట్లో బాగాలేదా వాడికి?" అంది గొంతు తగ్గించి.

మిషను అదురు అన్నాడు రామ్మోహనరావు. తర్వాత దవాఖానా సంగతి కూడా చెప్పాడు. తను చేతులు ముడుచుకుని కూర్చోలేదని తెలియాలిగా. మొన్నామధ్య సాయంత్రం పూట మెట్రో స్టేషను దగ్గరి ప్రైవేటు డాక్టరుకి చూపించుకోమని తనే డబ్బిచ్చి పంపాడు. ఆ డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, ముందు రక్తపరీక్ష చేయించాలి, పొద్దున పరగడుపున రమ్మన్నాడు. మళ్ళీ పొద్దున్నే. ఈ డాక్టర్లందరికీ పొద్దున తప్ప వేరే పూట దొరకదేమో.

"పంపితే ఏం పోయింది?"

"శ్రావణంలోనా?"

"అంత లక్ష్మి ఉన్న చెయ్యి అంటారు. ముందున్న అద్దాల బీరువాకి ఇన్సూరెన్సు కట్టారు. ఆ చెయ్యి మాటేవిటి?"

ఆమె ఎగతాళికే అంది. కానీ ఆ మాట అతని లెక్కల్లో ఎక్కడో తగులుకుంది. చేతికి తిమ్మిరి ముదిరితే పళ్ళేలు పాడవుతాయి. పళ్ళేలు పాడైతే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. బోణీ చేసే మనిషి పొద్దున కదలకూడదు. మందు మాత్రం రావాలి. పెరుగన్నం కలుపుకుంటూ రెండు వైపులా తూచి చూశాడు. దారి దొరికింది.

"మంగళవారం నేను వెళ్ళి తెస్తాను వాడి మందులు."

కనకమహాలక్ష్మి నవ్వాపుకుంది. "మీరా? దుకాణం వదిలా?"

"నా చేత్తో బోణీ చేస్తే ఆ రోజు పండినట్టు ఎప్పుడైనా చూశావా? పొద్దున ఇక్కడ పనికిరాని మనిషిని నేనే."

మూల పడి ఉన్న సరుకుని గిరాకీ ఉన్న చోటికి పంపినంత తృప్తిగా అనిపించింది. భోజనం చేసి, తిరుపతి దగ్గర దవాఖానా కార్డు అడిగి తీసుకున్నాడు. తిరుపతి ఇవ్వడానికి కొంచెం తటపటాయించాడు. మనిషే పోవాలేమో అన్నాడు. అదంతా తను మాట్లాడుకుంటాననీ, మాట్లాడి ఒప్పించడమే తన వ్యాపారమనీ అన్నాడు రామ్మోహనరావు.

*

నాచారంలో కారఖానాల ప్రహరీలు అయిపోయి ఇళ్ళు మొదలయ్యే చోట ఉంది దవాఖానా. రామ్మోహనరావు వెళ్ళేసరికి తలుపు ముందు మనుషుల బదులు చెప్పులు బారుగా ఉన్నాయి. మనుషులు ఎదురుగా గోడనీడన కూర్చున్నారు. ఎవరి చెప్పులు ఎక్కడుంటే వాళ్ళ వంతు అక్కడ. అతనివి కొత్త తోలు చెప్పులు. విప్పాలా వద్దా అని నిలబడ్డాడు.

"పోతయని భయమా సేటు?" అంది గోడ దగ్గర కూర్చున్న ఓ ముసలమ్మ. "గీడికి వచ్చేటోళ్ళందరివి షుగరు మంటల కాళ్ళే. నీ తోలు చెప్పులు ఎవలు తొడుగుతరు?"

అందరూ నవ్వారు. అతను చెప్పులు విప్పి వరసలో పెట్టి, ముసలమ్మ పక్కనే కూర్చున్నాడు. ఆమె నెలనెలా వస్తుందట. మేడం చేతివాసి మంచిదట. ఒంట్లో ఏమీ లేనప్పుడు కూడా రమ్మంటుందట. ఏమీ లేకపోతే ఎందుకు రావడమని అడిగాడు రామ్మోహనరావు. "ఏమీ లేకుండ ఉండుటానికే," అంది ముసలమ్మ. ఆ మాట అతనికి గిట్టుబాటు కాలేదు.

తలుపు తెరిచారు. కార్డు చూపించి చీటీ తీసుకున్నాడు. కాసేపటికి లోపల్నుంచి తిరుపతి అని పిలుపు వచ్చింది. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నర్సు హైమావతి కార్డు చూసి అతని మొహం చూసింది.

"తిరుపతి మీరు కాదు గదా. ఆయన నాకెరుకే. యాడున్నడు?"

రామ్మోహనరావు చెప్పుకొచ్చాడు. దుకాణం గురించి, శ్రావణమాసం గురించి, బోణీ గురించి, తిరుపతి హస్తవాసి గురించి. చెబుతున్నంతసేపూ అందులో అతనికి తేడాగా ఏమీ కనిపించలేదు. హైమావతి అంతా విన్నది.

"అంటే మీ చేతికి బీపీ చూసి ఆయనకు గోలీలియ్యాలె. గంతే గద సేటు?"

వెనక బల్ల మీద ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. రామ్మోహనరావు లేవబోయాడు.

"కూసోండ్రి. వచ్చిన్రు గద, చెయ్యి చాపుండ్రి."

"నాకేం లేదమ్మా."

"లేదని ఎవలు చెప్పిన్రు?"

అతను ఆలోచించాడు. నిజానికి ఎవరూ చెప్పలేదు. తనే అనుకున్నాడు. చెయ్యి చాపాడు. పట్టీ బిగిసింది, వదులైంది. హైమావతి రెండో చేతికి చుట్టింది. తర్వాత అతని చీటీ తీసుకుని డాక్టరు గదిలోకి వెళ్ళింది.

డాక్టరు హరిణి చిన్నవయసు మనిషి. తలనొప్పి ఉంటుందా, కళ్ళు తిరుగుతాయా, మెట్లెక్కితే ఆయాసమా అని అడిగింది. అన్నిటికీ లేదన్నాడు. బీపీ ఇంత ఉన్నా ఏమీ అనిపించకపోవడమే దీనితో వచ్చిన చిక్కని చెప్పింది. ఇవాళ్టి నుంచే మందు వేసుకోవాలి, శుక్రవారం పరగడుపున రక్తానికి రావాలి, బీపీ మళ్ళీ చూస్తామంది. చూపించుకోకుండా ఇలాగే ఇంకొన్నాళ్ళు తిరిగి ఉంటే ఏమవుతుందో రెండు మాటల్లో చెప్పింది, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవచ్చని. అతని పేరుతో కొత్త కార్డు రాశారు. కాగితం పొట్లంలో గోలీలు చేతిలో పెట్టారు.

రామ్మోహనరావుకి భయం వేయలేదు. భయం వేయాలి కదా అనిపించింది. సరుకు లారీ బోల్తా పడిందని ఫోను వస్తే మొదటి కాసేపు ఏమీ తోచదే, అలా ఉంది. వరండాలోకి వచ్చి, అప్పుడు గుర్తొచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి తిరుపతి మందుల సంగతి అడిగాడు. ఆ చీటీ మీద మీరు చూపించుకున్నారు కదా అంది హైమావతి. ఇంకా ఉంటాం, ఆయన్ని ఇప్పుడే రమ్మనండి, ఎట్లనో అట్ల చూపిద్దామంది.

ఫోను చేశాడు. చాలాసేపు మోగాక తిరుపతి ఎత్తాడు. వెనక గిన్నెల చప్పుడు.

"తిరుపతీ, ఆటో ఎక్కి వచ్చెయ్. ఇక్కడ చూస్తారట."

"ఇప్పుడా సేటు? బోణీ నడుస్తుంది. హబ్సిగూడోళ్ళు, వాయనం గిన్నెలు తీస్తున్నరు. మధ్యల ఎట్ల లేస్త? లేవద్దని మీరే చెప్తరు గద."

రామ్మోహనరావు నోటిదాకా 'వదిలేసి రా' అనే మాట వచ్చింది. హబ్సిగూడ వాళ్ళు ఎన్ని గిన్నెలు తీస్తున్నారో అనే ఆలోచన దానికంటే ముందు వచ్చింది. ఆ తేడా చాలా కొంచెమే. "సరే," అని పెట్టేశాడు.

దుకాణానికి వచ్చేసరికి తిరుపతి నవ్వుమొహంతో ఎదురొచ్చాడు. బోణీ మస్తుగ అయిందట. గిన్నెలతోపాటు గంగాళం కూడా తీసుకున్నారట. అది చెప్పడం అయ్యాక అడిగాడు.

"నా గోలీలు ఇచ్చిన్రా సేటు?"

చొక్కా జేబులో పొట్లం చప్పుడు చేస్తుందేమోనని రామ్మోహనరావు కదలకుండా నిలబడ్డాడు. మనిషే రావాలంటున్నారు, శుక్రవారం చూద్దామన్నాడు. తిరుపతి తలూపి, కొక్కెం కర్ర తీసుకుని, దించిన గంగాళాల్ని పైకి సర్దడానికి వెళ్ళాడు.

*

గోలీల సంగతి భార్యకి చెప్పాడు. ఆమె బెంబేలు పడింది, ఉప్పు తగ్గించింది, అప్పుడే పిల్లలకి ఫోన్లు చేసింది. తిరుపతికి చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

బుధవారం మధ్యాహ్నం భోజనం చేసి, పొట్లం విప్పి, గోలీ అరచేతిలో వేసుకున్నాడు. నీళ్ళ సీసా ఇవ్వడానికి వచ్చిన తిరుపతి అరచేతిలోకి చూశాడు. అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. రంగు తెలుసు, పొట్లం తెలుసు.

"మీకు గూడ ఉన్నదా సేటు?"

"అక్కడే చూశారు. నిన్న."

తిరుపతి సీసా మూత తీసి అందించాడు. "పొద్దుగాల వేసుకోవాలె, టిఫినైనంక. ఇంత ఆలిస్యం చేయద్దు. నాకు గూడ గివే." మూత చేతిలోనే పట్టుకుని, "మంచిగైంది, మీకన్న తెలిసింది," అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని రామ్మోహనరావు వెతికాడు. బేరమాడే మనుషుల మాటల్లో లోపలి మాటని పట్టుకోవడం అతనికి అలవాటు. ఇక్కడ లోపల ఇంకో మాట లేదు. గోలీ మింగాడు. జబ్బు ఉందని ఎప్పటినుంచో తెలిసిన మనిషికి మందు లేదు. తెలియని మనిషి తెలిసిన పూటే మందు తెచ్చుకున్నాడు. ఎటు తిప్పి చూసినా ఆ లెక్క అలాగే ఉంది. పైగా అది తను రాసిన లెక్కే.

గురువారం సాయంత్రం దాకా గల్లా వదల్లేదు. మర్నాటి వ్రతాల కోసం జనం వస్తూనే ఉన్నారు. కుంకుమ భరిణెలు, కలశం చెంబులు పోయాయి. తిరుపతి పేర్లు కొడుతూ మధ్య మధ్య చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊరికే దాన్ని చూస్తున్నాడు, ఎవరిదో చెయ్యి తన దగ్గర పెట్టి వెళ్ళినట్టు. షటరు దించే ముందు రామ్మోహనరావు అతన్ని పిలిచాడు.

"రేపు పొద్దున దుకాణానికి రాకు."

తర్వాతి మాట అనేలోపే తిరుపతి మొహం మారిపోయింది.

"ఆ రోజు పల్లెం కరాబైందని గదా సేటు? దాని పైకం నా జీతంల పట్టుకోండ్రి. కొత్త మిషను వస్తే మంచిగ కొడ్త."

"అది కాదు. రేపు దవాఖానాకి వెళ్ళు. తలుపు తెరవకముందే చెప్పులు వరసలో పెట్టుకో. నేనూ వస్తాను, నాకూ రక్తం ఇవ్వాలి. అమ్మగారు ఇంట్లో ఉన్న రెండో తాళాలతో వచ్చి తీసేదాకా దుకాణం మూసే ఉంటుంది."

"శుక్కురారం?"

"శుక్రవారమే."

తిరుపతి తలూపాడు. సరేనన్నాడు. రామ్మోహనరావు తాళాలు జేబులో వేసుకుని స్కూటరు ఎక్కాడు. కొన్నాళ్ళుగా ఇవ్వాల్సినదాన్ని ఇచ్చేసిన మనిషికి ఒళ్ళు తేలికవ్వాలి. అవలేదు. స్తంభాల పక్కన ఆగి ఉన్న వాహనాల మధ్యలోంచి ఇంటిదారి పట్టాడు.

*

శుక్రవారం చెప్పుల వరస అప్పటికే గేటు దాకా వచ్చింది. రామ్మోహనరావు తనవి పెట్టి వరస మొదటినుంచి చూసుకుంటూ వచ్చాడు. తిరుపతివి అరిగిన నీలం హవాయి చెప్పులు. నీలం హవాయివి చాలానే ఉన్నాయి. మనుషుల్ని చూశాడు. గోడ నీడలో లేడు, వేపచెట్టు కింద లేడు. ఇల్లు రెండు సందుల అవతలే. అందరికంటే ముందు రావాల్సినవాడు.

ఫోను చేశాడు.

"షటర్ కాడ ఉన్న సేటు," అన్నాడు తిరుపతి. వెనక బస్సుల మోత. "తాళాలు మీ తాన ఉన్నయి గద. జల్ది వస్తరని చూస్తున్న. ఒకామె వచ్చి అడిగి పోయింది గూడ."

"నిన్న ఏం చెప్పాను తిరుపతీ?"

"మా ఇంటామె భయపెట్టింది సేటు. శ్రావణ శుక్కురారం నాడు వద్దన్నడంటే వేరేటోళ్ళను చూసుకున్నడేమో పో, పోయి నిలబడు అన్నది. నాకు గూడ గట్లనే అనిపిచ్చింది. మీరు ఎన్నడు రావద్దనలే గద."

లోపల్నుంచి పిలుపులు మొదలయ్యాయి. వరస కదిలింది. నచ్చజెప్పడం తన వ్యాపారమని అతను కార్డు తీసుకున్న రోజు అన్నాడు. ఇప్పుడు ఏం చెప్పినా ఆ మనిషి బోణీ వదిలి రాడు. వదలకుండా తయారు చేసింది తనే. రామ్మోహనరావు జేబులో చెయ్యి పెట్టాడు. తాళాల గుత్తి తగిలింది.

"తాళాలు నా దగ్గరే ఉన్నాయి," అన్నాడు. "నేను ఇక్కణ్ణుంచి కదలను. దుకాణం తెరుచుకోవాలంటే నువ్వొచ్చి తీసుకెళ్ళు."

"అమ్మగారు?"

"రాదు. రావద్దని ఇప్పుడే చెబుతాను. ఆటోలో రా."

ఫోను పెట్టేసి భార్యకి చేసి ఆ మాటే చెప్పాడు. తర్వాత తిరుపతి వచ్చేదాకా వంతు నిలపాలని చీటీ తీసుకుని నిలబడ్డాడు. తన వంతు వచ్చినప్పుడు వెనకాయన్ని ముందుకి పంపాడు. మళ్ళీ వచ్చినప్పుడు చంకలో పిల్లాడున్న ఒకామెని పంపాడు. దుకాణం మెట్టెక్కిన మనిషిని వట్టి చేతులతో పోనివ్వని రామ్మోహనరావు, వచ్చినవాళ్ళందరికీ దారిస్తూ వరస చివరికంటా జరిగాడు. ఏం సేటు, సూది అంటే భయమా అన్నారెవరో. కావచ్చన్నాడు. పరగడుపు కడుపు మండుతోంది. ఉప్పల్లో ఈపాటికి వ్రతాల జనం మూసిన షటరు చూసి పక్క దుకాణంలోకి పోతుంటారు. ఆ ఆలోచన వచ్చింది, పోయింది. చురుక్కుమనాల్సిన చోట ఏమీ లేదు.

ఆటో దిగి వచ్చాడు తిరుపతి. తలస్నానం చేసిన జుట్టు, ఉతికిన చొక్కా, నుదుట బొట్టు. వస్తూనే ఎడంచెయ్యి చాపాడు.

"తాళాలియ్యుండ్రి సేటు."

"ముందు కుర్చీలో కూర్చో."

"సేటు, గిరాకి..."

"కూర్చో తిరుపతీ."

అతను కూర్చున్నాడు. హైమావతి పట్టీ చుట్టింది, గాలి కొట్టింది. లేచి, డాక్టరు గది తలుపు తీసి ఒక్క మాట చెప్పింది. డాక్టరు హరిణి తనే బయటికి వచ్చింది. కుర్చీ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, తిరుపతి మొహాన్ని కాసేపు చూసింది. నవ్వమంది. నవ్వాడు. రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్ళు మూసుకోమంది.

తిరుపతి మూసుకున్నాడు. రెండు చేతులూ సమంగా ఉన్నాయి. తర్వాత కుడిచెయ్యి కొద్దికొద్దిగా కిందికి దిగడం మొదలుపెట్టింది. అరచెయ్యి లోపలికి తిరుగుతూ, ఎవరూ నొక్కకుండానే, బరువేదో పెట్టినట్టు దిగుతోంది. తిరుపతికి ఆ సంగతి తెలియడం లేదు. రెండూ సమంగానే పట్టుకున్నానని అతని మొహంలో నిబ్బరం ఉంది.

రామ్మోహనరావు ఆ చేతినే చూస్తున్నాడు.

పెద్దాసుపత్రికి బండి పిలవమని, ఈయన్ని నడవనివ్వొద్దని హైమావతికి చెప్పింది డాక్టరు. పాత కార్డు తెరిచి, చివరిసారి వచ్చిన తేదీ దగ్గర వేలుంచింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళారండీ?"

"యాడికి పోలే మేడం," అన్నాడు తిరుపతి, కళ్ళు తెరవకుండానే. "దుకాణంలనే ఉన్న."